తూటాల బల్ల కింద బియ్యం బస్తా

మా అపార్ట్‌మెంట్‌లో వీధి తలుపు తియ్యగానే ఎడమ పక్కన ఒక చిన్న అర ఉంటుంది. కోట్లు తగిలించుకోవడానికి కట్టారట. టెక్సాస్‌లో మా ఇర్వింగ్ ఎండల్లో కోటు అవసరం ఏడాదికి పదిరోజులు వస్తే గొప్ప. అందుకని ఇక్కడి మనవాళ్ళ ఇళ్ళల్లో ఆ అరలో కోట్లుండవు, బియ్యం బస్తాలుంటాయి. మా ఇంట్లోనూ అంతే. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినప్పుడు సోనామసూరి బస్తాలు రెండు తెచ్చి అందులో పడేసేవాళ్ళం. ఒకదాని మూతి విప్పి, లోపల స్టీలు గ్లాసొకటి పెట్టి, అయిపోయేదాకా అందులోంచే కొలుచుకుని వండుకునేవాళ్ళం. ఆ అరలోనే నేను తూటాలు తయారుచేసుకునే బల్ల పెట్టాను. ఇప్పుడు ఈ ముక్క ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, చెప్పవలసినవాళ్ళకి నోటితో చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

ముందు తుపాకీ సంగతి చెప్పాలి, లేకపోతే నన్ను చూడనివాళ్ళు ఏ కోరమీసాల వస్తాదునో ఊహించుకుంటారు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. కాలేజీ వర్క్‌షాపులో లేత్ ముందు నిలబడితే అన్నం సంగతి గుర్తుండేది కాదు. ఈ దేశం వచ్చాక పదమూడేళ్ళుగా చేస్తున్నది మాత్రం ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడంలో నాకు మంచి పేరుంది. గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాది, మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక టెక్సాస్ పెద్దాయన నన్నొక శనివారం షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. కాల్చడం నాకు పెద్ద గొప్పగా అనిపించలేదు. చెవులు గింగుర్లెత్తాయి, అంతే. నన్ను పట్టి ఆపింది నేలమీద పడున్న ఇత్తడి.

పిస్తోలు పేల్చిన ప్రతిసారీ వేలి కణుపంత ఇత్తడి గొట్టం ఒకటి ఎగిరి కిందపడుతుంది. దాన్ని కాళ్ళకింద తొక్కుకుంటూ పోతున్నారు జనం. బిందెకి చిల్లుపడితే మాటు వేయించుకుని మళ్ళీ పదేళ్ళు వాడుకున్న ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. ప్రాణం ఉసూరుమంది. వంగి ఏరడం మొదలుపెట్టాను. పెద్దాయన నవ్వి, వాటిని మళ్ళీ నింపుకోవచ్చని చెప్పాడు. గొట్టం అడుగున ప్రైమర్ అని కందిగింజంత మూత ఒకటుంటుంది, నిప్పు పుట్టించేది అదే. కాలిపోయిన దాన్ని తీసేసి కొత్తది దిగ్గొట్టి, కొలిచిన మందు పోసి, పైన గుండు బిగిస్తే మళ్ళీ తూటా. ఆయన గరాజ్‌లో ముప్ఫై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. వెళ్ళి చూశాను. ఇనుప ప్రెస్సు పిడి పట్టుకుని కిందికి లాగితే, మెత్తగా దిగి, చివర్లో టక్కుమంటుంది. కాలేజీ వదిలాక నా చేతికి అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

నేనూ ఒక పిస్తోలు కొనుక్కుని, ఇలాంటి బల్ల పెట్టుకుంటానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి మూడు మాటలు చెప్పాడు. కార్పెట్ ఉన్నచోట వద్దు. వంటింటి ఛాయలకి రానివ్వద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే అసలే వద్దు, కావలసినప్పుడు నా గరాజ్‌కి వచ్చి చేసుకుని పో. కాలిన ప్రైమర్‌లోంచి వచ్చే నల్లటి మసిలో సీసం ఉంటుందనీ, అది చేతులకీ బట్టలకీ అంటుకుని ఇల్లంతా తిరుగుతుందనీ వివరంగా చెప్పాడు. ప్రెస్సు డబ్బాలో ఉన్న పుస్తకంలోనూ అదే ఉంది. చదివాను. చదవలేదని తప్పించుకునే వీలు నాకు లేదు. నాకు సలహా అంటే ఒళ్ళుమంట. ఈ దేశంలో కాఫీ కప్పు మీద కూడా వేడిగా ఉంటుంది జాగ్రత్త అని రాస్తారు, ఇదీ అలాంటిదేలే అనుకున్నాను. పైగా ఒకరి గరాజ్‌లో చెప్పులు విడిచి పని చేసుకోవడం నాకు నచ్చదు. నా బల్ల నాకు కావాలి.

నా భార్య మొదట ససేమిరా అంది. అప్పటికి పాపకి ఏడాది దాటింది.

"పాప ఉన్న ఇంట్లో గన్ ఏంటి? ఆర్ యూ సీరియస్?" అంది.

"లాక్ చేస్తాను. పౌడరూ ప్రైమర్లూ కూడా స్టీల్ బాక్స్‌లో లాక్ చేస్తాను. ఆ క్లోజెట్‌లోనే కూర్చుని చేసుకుంటా."

"ఆ డోర్ దాటి ఒక్క వస్తువు బయటికి వచ్చినా ఊరుకోను. ప్రామిస్ చెయ్యి."

చేశాను.

అర వెడల్పు నాలుగడుగులు, లోతు మూడడుగులు. అద్దె ఇల్లు కనక గోడకి మేకు కొట్టడానికి లేదు. హార్డ్‌వేర్ షాపులో దళసరి చెక్క కోయించి, ఒక స్టీలు రాక్ మీద పరిచి, దానికి ప్రెస్సు బిగించాను. పిడి లాగగానే రాక్ మొత్తం ముందుకి లేచింది. గరాజ్‌లో అయితే సిమెంటు నేలలోకి బోల్టులు దిగ్గొడతారు. ఇక్కడ కింద కార్పెట్. బరువుకోసం అటూ ఇటూ చూశాను. బరువంటే నా కళ్ళముందే ఉంది. రెండు బియ్యం బస్తాలూ రాక్ అడుగు అరలో, సరిగ్గా ప్రెస్సు కింద సర్దాను. వాడుకుంటున్న బస్తా తియ్యడానికి వీలుగా ముందువైపు పెట్టాను. పిడి లాగాను. రాయిలా నిలబడింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఫొటో తీసి పెద్దాయనకి పంపాను.

"ఆ సంచుల్లో ఏముంది?" అని అడిగాడు.

"రైస్."

"తినేది కాదు కదా?"

కాదన్నాను. ఈ కథలో నేనాడిన మొదటి అబద్ధం అది. అప్పుడు దాన్ని అబద్ధం అని కూడా అనుకోలేదు, తెల్లవాడికి బియ్యం బస్తా గురించి వివరించే ఓపిక లేక అన్నాననుకున్నాను.

పిడి లాగినప్పుడల్లా కాలిపోయిన ప్రైమర్ ఊడి కింద ప్లాస్టిక్ గిన్నెలో పడాలి. రెండింటికొకటి పక్కకి ఎగిరేది. దానితోపాటు చిటికెడు మసి రాలేది. కింద ఉన్నది విప్పిన బస్తా. పని అయ్యాక బస్తా మూతి దగ్గర పడినవాటిని ఏరేసి, చేత్తో దులిపి, మూతి మడత పెట్టేవాణ్ణి. దులిపాను కదా అని ధైర్యం. ఆ చేతులతోనే వెళ్ళి పాపని ఎత్తుకునేవాణ్ణి.

బల్ల పెట్టిన మూడో నెలలో మా అత్తగారు వచ్చింది. నా భార్య మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది, పాపని చూసుకోవడానికి ఆరు నెలలుందామని వచ్చింది. ఖాళీగా కూర్చుంటే తనకి ఒంట్లో బాగోలేదేమో అనుకునే మనిషి. వస్తూ దుగ్గిరాల పసుపుకొమ్ములు కొని, మర దగ్గర నిలబడి తన కళ్ళముందు ఆడించుకున్న పసుపు తెచ్చింది. ఆముదపు దీపం మసితో తనే చేసిన కాటుక చిన్న భరిణెలో తెచ్చింది. రోజూ పాపకి స్నానం చేయించి, అరికాలికొకటి, బుగ్గకొకటి చుక్క పెట్టేది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని పప్పన్నం ముద్దలు చేసి పెట్టేది. మా ఇద్దరి చేతిమీదా నాలుగు ముద్దలు తినడానికి గంట చేసే పిల్ల, ఆవిడ చేతిమీద గిన్నెడు తినేది.

ఒక శనివారం పొద్దున్న నేను బాత్రూములో బకెట్ ముందు కూర్చుని ఖాళీ గొట్టాలు తోముతుంటే ఆవిడ చూసింది.

"ఏంటవి అల్లుడుగారూ, అగరొత్తుల స్టాండులా?"

"తూటాల గొట్టాలండీ."

"అమ్మో, పేల్తాయా?"

"ఖాళీవండీ, పేలవు."

"పేలకపోతే మరి ఇత్తడే కదా! ఇత్తడిని సబ్బుపెట్టి తోముతారా ఎవరన్నా? చింతపండు పెట్టాలి గానీ. ఇటివ్వండి."

బకెట్‌లోంచి దోసిళ్ళతో ఎత్తుకుని వంటింట్లోకి పట్టుకుపోయింది. బియ్యం కడిగే స్టీలు బేసిన్‌లో వేసి, చింతపండూ ఉప్పూ పట్టించి, అరగంట నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ళతో రుద్ది కడిగింది. దీపపు కుందుల్లా మెరిశాయి. నాకు అడ్డుపడాలనిపించింది. నిజంగానే అనిపించింది. పెద్దాయన చెప్పిన మూడు మాటల్లో రెండోది ఇదే కదా అని బుర్రలో మెదిలింది. కానీ అవి అంత బాగా మెరుస్తుంటే, పైగా పెద్దావిడ అంత ముచ్చటగా చేస్తుంటే, వద్దని ఏం చెబుతాం అనుకున్నాను. అర గడప దాటనివ్వనని ప్రామిస్ చేశానే అంటే, వంటింట్లోకి తెచ్చింది నేను కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అప్పట్నుంచీ ప్రతి శనివారం అదే పద్ధతి అయింది. నా భార్య ఆ పూట కూరలకీ సరుకులకీ వెళ్ళేది. తను తిరిగొచ్చేసరికి బేసిన్ బోర్లించి ఉండేది.

పాప రెండేళ్ళ చెకప్‌లో రక్తంలో సీసం ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉందని తేలింది. ఏడాది వయసులో చేసిన పరీక్షలో ఏమీ లేదు. డాక్టరు ఫోన్ చేసినప్పుడు స్పీకర్‌లో ఇద్దరం విన్నాం. మందులు వాడేంత కాదు, ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపేస్తే మెల్లగా తగ్గుతుంది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అంది. ఈలోపు పిల్ల ఎదుగుదలకి ఏమైనా చేసి ఉంటుందా అని నా భార్య అడిగింది. ఇప్పుడే చెప్పలేం, గమనిస్తూ ఉందాం అంది డాక్టరు. నా భార్య అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ క్షణమే తెలుసు. అయినా నోరు విప్పలేదు. ఒప్పుకుంటే కన్నకూతురికి విషం పెట్టినవాణ్ణి నేనవుతాను. ఒప్పుకోకపోతే ఇంకేదో ఒకటి కారణం కావడానికి అవకాశం మిగిలుంటుంది. ఆ అవకాశాన్ని పట్టుకుని వేలాడాను.

ఆ రోజంతా నా భార్య ఫోన్‌లో వెతుకుతూనే ఉంది. ఇండియా పసుపు, ఇండియా కాటుక, ఇండియా కంచు గిన్నెలు. ఎక్కడ చూసినా అవే. అవన్నీ వాళ్ళమ్మ పెట్టెలోంచి వచ్చినవే.

వారం తిరక్కుండా హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక నర్సు ఇల్లు చూడటానికి వచ్చింది. నా భార్యకి తప్పించుకోలేని మీటింగ్ ఉంది. ఇంట్లో నేను, అత్తగారు, పాప. అత్తగారికి ఇంగ్లీషు రాదు. కనక నర్సు అడిగేవి తెలుగులో చెప్పడం, ఆవిడ చెప్పేవి ఇంగ్లీషులో చెప్పడం నా పని. నర్సు చాలా మంచి మనిషి. ముందు పాపతో కాసేపు ఆడింది. తర్వాత కాగితం తీసి ఒక్కొక్కటీ అడిగింది. పసుపెక్కడిది? అత్తగారు గర్వంగా చెప్పింది. కాటుక ఎలా చేస్తారు? అత్తగారు చేతులు తిప్పుతూ ప్రమిదా, వత్తీ, పైన బోర్లించే పళ్ళెం, అన్నీ చూపించింది. తన వంట గురించి, తన పద్ధతుల గురించి ఒక తెల్లావిడ అంత శ్రద్ధగా రాసుకుంటోందని ఆవిడ సంబరపడింది. తన మీద అనుమానం వచ్చి అడుగుతున్నారని ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు.

చివర్లో నర్సు నా వైపు తిరిగింది. ఇంట్లో ఎవరికైనా చేపల వేటకి సీసం కరిగించడం, రంగుటద్దాల పని, తుపాకులు కాల్చడం, తూటాలు నింపడం లాంటి అలవాట్లు...

"నో," అన్నాను. ఆవిడ వాక్యం ఇంకా పూర్తికాలేదు.

"ఏమంటోంది బాబూ?" అని అడిగింది అత్తగారు.

"గోడలకి రంగెప్పుడు వేశారని అడుగుతోందండీ."

అర తలుపు మాకు నాలుగడుగుల దూరంలో ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నేను భుజాలు తడుముకోలేదు గానీ రెండుసార్లు ఆ తలుపు వైపు చూశాను. నర్సు చూపు నా వెంట వచ్చి, అదేంటని అడిగింది. స్టోరేజ్ అన్నాను. రాసుకుంది. పసుపు, కాటుక, కారం, సాంబారు పొడి, కంచు పళ్ళెం, అన్నీ సంచుల్లో వేసుకుని, పరీక్ష చేయించి కబురు చేస్తానంది. ఆ ఫలితాలు వచ్చేదాకా ఈ సరుకులేవీ వాడొద్దని, ముఖ్యంగా కాటుక పెట్టొద్దని అమ్మమ్మగారికి చెప్పమంది. అది మాత్రం పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను.

అత్తగారి మొహంలో సంబరం ఆగిపోయింది. "నా మూలంగానా?" అంది.

"అలా అని కాదండీ, చూస్తారంట," అన్నాను.

సాయంత్రం నా భార్య వచ్చాక దుమారం రేగింది.

"ఎన్నిసార్లు చెప్పానమ్మా, ఆ కాటుక పెట్టొద్దని! డాక్టర్ కూడా వద్దంది. వింటేనా నువ్వు?"

"నీకూ, నీ తమ్ముడికీ ఆ కాటుకేనే పెట్టింది. ఏమైంది మీకు?"

"మాకు బ్లడ్ టెస్టులు ఎవరు చేశారమ్మా అప్పుడు? నా బిడ్డకి ఏమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?"

ఆ మాట అన్నాక నా భార్యే బెదిరిపోయింది. నేను ఇద్దరి మధ్యా మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. దొంగకి తేలు కుట్టినట్టని ఎందుకంటారో ఆ రోజు అర్థమైంది. నోరు తెరిస్తే దొంగతనం బయటపడుతుంది.

ఆ మర్నాటినుంచి ఆవిడ పాపకి చేత్తో అన్నం పెట్టడం మానేసింది. చెంచా ఇచ్చి, నువ్వే తిను తల్లీ అనేది. పాప ఎత్తుకోమని చేతులు చాచి వచ్చేది. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని, అమ్మ దగ్గరికి వెళ్ళు, నాన్న దగ్గరికి వెళ్ళు అనేది. పాప నా దగ్గరికి వచ్చేది. ఎత్తుకునేవాణ్ణి. నా చేతులకి ఏ శిక్షా లేదు.

నేను చేసినదల్లా ఒకటే. ఆ వారాంతంలో బల్ల విప్పి, ప్రెస్సు మూటగట్టి పెద్దాయన గరాజ్‌లో పెట్టేశాను. పాప పెద్దదవుతోంది, ఇంట్లో ఇవన్నీ ఎందుకని వద్దనుకున్నానని నా భార్యకి చెప్పాను. ఇన్ని టెన్షన్లలో ఒక మంచి పని చేశావని మెచ్చుకుంది. ఆ మెప్పు తీసుకున్నాను కూడా. కార్పెట్ కడిగే మిషన్ అద్దెకి తెచ్చి హాలంతా కడిగాను. బేసిన్ చెత్తలో పడేశాను. బస్తాలు రెండూ భుజాన వేసుకుని ఒకదాని తర్వాత ఒకటి కింద చెత్త వేసే డంప్‌స్టర్ దగ్గరికి మోస్తుంటే అత్తగారు గుమ్మం దగ్గర ఎదురైంది.

"పురుగు పట్టాయా అల్లుడుగారూ?"

"అవునండీ."

"ఎండలో పోస్తే పోతాయిగా. అంత అన్నం పారబోస్తారా ఎవరన్నా?" అని, నేను తలెత్తకపోయేసరికి గొంతు తగ్గించి అడిగింది. "రోజూ నేను చెయ్యి పెట్టి కొలిచానని పారేస్తున్నారా?"

కాదండీ, పురుగేనండీ అన్నాను. ఆవిడ నమ్మలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఆ బస్తా మోసుకుని మెట్లు దిగుతుంటే వెనక్కి వెళ్ళి ఆవిడ కాళ్ళమీద పడాలనిపించింది. మెట్లు దిగిపోయాను.

ఊళ్ళో ఆవిడ కోడలు, అంటే నా భార్య తమ్ముడి భార్య, నెలలతో ఉంది. ఆ అమ్మాయికి తల్లి లేదు, పురుడు మా అత్తగారే పొయ్యాలి. ఆరు నెలలుండి వెళదామనుకున్న మనిషి, కోడలికి తోడుండాలని చెప్పి నాలుగు నెలలకే టికెట్ మార్చుకుంది. ఎయిర్‌పోర్టులో పాపని ముద్దుపెట్టుకోలేదు. దూరంనుంచి చెయ్యి ఊపింది.

ఆవిడ వెళ్ళిన వారానికి నర్సు దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఇంటి తరఫున సంతకం చేసింది నేను కనక నా ఒక్కడికే వచ్చింది. పసుపులో ఏమీ లేదు. కాటుకలో లేదు. పొడుల్లో లేదు, పళ్ళెంలో లేదు. వేరే ఏదో కారణం ఉండాలి, మరోసారి ఆలోచించి చెప్పండి అని మర్యాదగా రాసింది. చదివి, ఆఫీసు పాత ఫైళ్ళుండే ఫోల్డర్‌లోకి తోసేశాను.

మూడు నెలల పరీక్షలో పాపకి బాగా తగ్గింది. ఇంట్లో పండగ. "చూశావా? ఆ కాటుకే," అంది నా భార్య. నేను బల్ల తీసేసినందుకు తగ్గింది, ఆ తగ్గడమే వాళ్ళమ్మ తప్పుకి రుజువైంది. ఇంతకన్నా అన్యాయం ఎవరైనా కూర్చుని పథకం వేసినా కుదరదు. నాకు కుదిరింది. సంతోషంగా ఉండవలసిన ఆ పూట అన్నం సయించలేదు. అప్పట్నుంచీ పాప ఏదైనా మాట వెతుక్కుంటే, ఆడుతూ ఆడుతూ ఆగి ఊరికే చూస్తే, నా గుండె జారిపోతుంది. పిల్లలన్నాక అలాగే చేస్తారని అందరూ అంటారు. వాళ్ళకి తెలియదు కదా.

చెప్పేలా చేసింది నా మంచితనం కాదు. ఒక శనివారం పొద్దున్న గిన్నెలు కడుగుతున్నాను. నా భార్య హాల్లో తమ్ముడితో ఫోన్ మాట్లాడుతోంది. కొడుకు పుట్టాడు వాళ్ళకి, ఇరవయ్యొకటో రోజు బారసాల.

"అమ్మని బాధపెట్టకుండా చెప్పు," అంటోంది. "కాటుక మాత్రం వద్దు. పసుపు కూడా ప్యాకెట్ కొను. అమ్మ పద్ధతులు పాతవిరా. మా పాపతో మేం పడింది చాలు."

కుళాయి కట్టేశాను. ఆ మాటలు ఇప్పుడు ఇంకో ఇంట్లోకి వెళుతున్నాయి. అక్కడ కూడా ఆవిడ్ని ఆ కంటితోనే చూస్తారు. ఆవిడ బతికున్నంతకాలం, ఆ తర్వాత కూడా, మా అమ్మ కాటుకవల్ల మా పాపకి అలా అయిందని ఈ ఇంట్లో చెప్పుకుంటారు. చేతులు తుడుచుకుని వెళ్ళి, ఫోన్ పెట్టెయ్యమన్నాను. ఈమెయిల్ తీసి చేతికిచ్చాను. బల్ల, బేసిన్, బస్తా, నర్సుకి చెప్పిన "నో", అన్నీ చెప్పాను.

నా భార్య ఈమెయిల్ రెండుసార్లు చదివింది. తేదీ చూసింది.

"అంటే అమ్మ ఫ్లైట్ ఎక్కిన వారానికే నీకు తెలుసు."

"అంతకుముందే తెలుసు. డాక్టర్ ఫోన్ చేసిన రోజే."

"ఆ ఓపెన్ బస్తాలోంచేనా పాపకి వండింది?"

తలూపాను. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండనుకున్నాను. తను లోపలికి వెళ్ళి నిద్రపోతున్న పాపని చూసి వచ్చింది. సోఫాలో నాకు దూరంగా కూర్చుంది.

"నేను అమ్మని ఏమన్నానో గుర్తుందా నీకు?" అంది. "పక్కనే ఉన్నావ్. వాటర్ గ్లాస్ పట్టుకుని నిలబడ్డావ్."

ఫోన్ నా వైపు తోసింది.

"నాకు చెప్పావ్, సరే. నర్స్‌కి మండే చెప్తావ్. అమ్మకి ఇప్పుడే చెప్పు. స్పీకర్‌లో పెట్టు, నేనిక్కడే కూర్చుంటా."

అక్కడ అప్పుడు రాత్రి భోజనాల వేళ. ఆవిడే ఎత్తింది. పాపెలా ఉందని అడిగింది, బాగుందన్నాను. తర్వాత తప్పించుకునే దారి లేకుండా, మొదట్నుంచీ చెప్పాను. సీసం వచ్చింది నా తూటాల మసిలోంచి అత్తయ్యగారూ, మీ పసుపులో లేదు, మీ కాటుకలో లేదు, పరీక్ష చేసి చెప్పారు, నేనే దాచాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. అయినా అడిగాను.

అటునుంచి ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"వాటిని చింతపండు పెట్టి తోమింది నేనే కదా బాబూ," అంది చివరికి.

"మీకు తెలియదండీ. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

"పాపకి తగ్గిందన్నారుగా. అది చాలు."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే ఎంతో కొంత తీరుతుందన్న ఆశ నాకు లోపల ఉంది. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు. "ఒక్క సంగతి అడుగుతాను, సరిగ్గా చెప్పండి," అంది.

"అడగండి."

"ఇక్కడ పిల్లాడు పుట్టి పద్దెనిమిది రోజులైంది. నేనింకా ముట్టుకోలేదు. నడుం నొప్పని చెప్పి, స్నానం పొయ్యడానికి మనిషిని పెట్టించాను. వాడు ఏడుస్తుంటే మావాడు నామీద విసుక్కుంటున్నాడు, ఎత్తుకోవేంటమ్మా అని. నా ఒంట్లోనే ఏదో ఉందనుకున్నాను బాబూ. పసుపూ కాటుకా మానేసినా నా చేతులకి అంటి ఉంటుందేమోనని భయం. అయితే నేను వాణ్ణి ఎత్తుకోవచ్చా?"

నా భార్య లేచి వచ్చి ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. "ఎత్తుకో అమ్మా," అంది. "ఇప్పుడే వెళ్ళి ఎత్తుకో."